బొగ్గు బస్సు కండక్టరు దాచుకున్న మాటలు

ఆయన పోయిన సంగతి నాకు చెప్పింది పుంగనూరు పూలమ్మ. కుప్పం నుంచి మదనపల్లె వెళ్ళే బస్సులో నా పక్కన గంప దించుకుని కూర్చుని, నాకు మూర మల్లెలు కొలుస్తూ కొలుస్తూ, "మన పాత కండక్టరప్ప పోయినాడమ్మా. దినాలు గూడా అయిపాయ" అంది. నేను నోరు తెరిచేలోగా తనే నిట్టూర్చి, "ఇన్ఎవిటబుల్ గదమ్మా, ఏం జేస్తాం" అంది.

పూలమ్మకు చదువు రాదు. వేలిముద్ర తప్ప సంతకం ఎరగదు. ఆమె నోట ఆ మాట వినగానే నాకు ఏడుపు రావలసింది, ముందు నవ్వు వచ్చింది. నవ్విన తర్వాత ఏడుపు వచ్చింది. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరికైనా ఆ వరసలోనే వస్తాయి.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో పెట్రోలు దొరక్క మా వైపు బస్సులన్నీ బొగ్గుతో నడిచేవి. బస్సు వెనక ఒక ఇనప డ్రమ్ము, దాన్నిండా బొగ్గులు, పక్కన ఒక పిడి. పిడి పట్టుకుని గిరగిరా తిప్పితే నిప్పు రాజుకునేది. ఆ పొగ ఇంజనులోకి పోయి, దానికి దయ కలిగితే బస్సు కదిలేది. మదనపల్లెలో తెల్లవారి ఎక్కితే కుప్పం చేరేసరికి పొద్దు గూకేది. మా నాన్న మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి కాంపౌండరు. నేను కుప్పంలో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరును. నెలకోసారి ఇంటికి వెళ్ళి వచ్చేదాన్ని. తెల్లచీరతో ఎక్కి బూడిదరంగు చీరతో దిగేదాన్ని.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నా ఇంగ్లీషంటే నాకెంత గర్వమో చెప్పకూడదు గాని చెప్పేస్తాను. మా బడి దొరసాని ఒకసారి నలుగురిలో నా ఉచ్చారణ బాగుందన్నది. ఆ ఒక్క ముక్కతో నేను ఆరు నెలలు నేల మీద నడవలేదు. అలాంటిదాన్ని పోయి పోయి ఆ బస్సులో పడ్డాను.

కండక్టరు సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. బస్సు పైకప్పు కింద ఏళ్ళ తరబడి నిలబడి ఆ వంపు వచ్చింది. ఖాకీ కోటు కుడిజేబులో టికెట్లు, ఎడమజేబులో నిఘంటువు. ఆ బరువుకు కోటు ఎప్పుడూ ఎడమవైపు జారుతూ ఉండేది. గుర్రంకొండ సంతలో పాత సామాన్ల మధ్య కొన్నాడట దాన్ని. దాంట్లో పి అక్షరం దాకానే ఉంది. మిగతాదేమైందని అడిగితే, "క్యూ నుంచి జెడ్ దాకా ఎలుకలు సదివేసినాయమ్మా. మనం పి దాకా సదివితే సాలు, ఆ పైన వాటినే అడుక్కుందాం" అనేవాడు.

ఆయన స్కూల్ ఫైనల్ మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ ఇంగ్లీషులోనే పోయింది. నాలుగోసారి కడతానని నిఘంటువు పట్టాడు. చిక్కేమిటంటే ఆయన తలలో మాట నిలిచేది కాదు. పొద్దున చదివింది పుంగనూరు వచ్చేలోగా ఎగిరిపోయేది. "నా తలకాయ ఓటికుండమ్మా. నీళ్ళు నాలుగిండ్లలో పోసుకుంటే గాని నిలవవు" అనేవాడు. అలాగే పోసుకున్నాడు కూడా. రోజూ వచ్చే ప్రయాణికులు ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట ఇచ్చి దాచమనేవాడు. మాట ఆయనకు గుర్తుండేది కాదు గాని, ఏ మాట ఎవరి దగ్గర ఉందో ఎన్నడూ మరిచేవాడు కాదు. టికెట్టు కొట్టే చిల్లుల మిషన్‌తో సీటు కమ్మీ మీద టక్కుటక్కుమని రెండుసార్లు కొట్టి, ఒక కన్ను మూసి, "ఏం పూలమ్మా, నా సొత్తు భద్రమేనా?" అనేవాడు.

"ఇన్ఎవిటబుల్ కండక్టరప్పా. తప్పనిది, తప్పించుకోలేనిది" అనేది పూలమ్మ, చేతిలో దారం ఆపకుండా.

ఆయన కుడిచెవి తమ్మె పట్టుకుని లాగి, "ఆఁ, వచ్చె వచ్చె" అనేవాడు. మాట చెవిలోకి దిగిందని గుర్తు.

ఊరికే పంచేవాడు కాదు, మనిషిని చూసి ఇచ్చేవాడు. ఆడపిల్లలకు ఒక గాజు ఎప్పుడూ ఎక్కువ తొడిగే గాజుల సాయిబుకు మాగ్నానిమస్ ఇచ్చాడు. సాయిబు గుండెమీద చెయ్యి పెట్టుకుని, "మాగ్నానిమస్, బడా దిల్ వాలా. పెద్ద మనసు" అని, అది తనకిచ్చిన బిరుదే అన్నట్టు చెప్పేవాడు. బొగ్గు డ్రమ్ముతో వేగే డ్రైవరుది కాన్‌ఫ్లగ్రేషన్, అంటే పెద్ద అగ్గి. అడవి ఏనుగులు ఏటేటా రాగి చేను తొక్కి తినిపోతుంటే మొత్తుకునే రామకుప్పం రైతు ఒకాయన ఉండేవాడు. ఆయనకు డెప్రిడేషన్ ఇచ్చాడు. "పంట తిని పాడుజేసేదానికి ఇంగ్లీషోళ్ళ దగ్గర గూడా మాట ఉండాదా! అంటే వాళ్ళ సేన్లలో గూడా ఏనుగులు పడతాయన్నమాట" అని ఆ రైతు ఎంత ఊరట పడ్డాడో. చేను తిరిగి రాలేదు గాని, బాధకు పేరు దొరికింది కదా.

మాట మరిచిపోయినవాడికి శిక్ష ఉండేది. బస్సు ఆగిన తర్వాతి చోట దిగి బొగ్గు డ్రమ్ము పిడి తిప్పాలి. ఎవరూ కాదనేవాళ్ళు కాదు. తిప్పేవాడి చుట్టూ చేరి నవ్వేవాళ్ళం, బస్సు కూడా కదిలేది. బొగ్గు బస్సులో ప్రయాణికుడు ఎలాగూ తొయ్యాలి, తిప్పాలి. ఈ ఆటతో ఆ పనికి ఒక పద్ధతి వచ్చింది.

నా దగ్గరికి రావడానికి ఆయన మూడు ప్రయాణాలు ఆలోచించాడు. నాలుగో ప్రయాణంలో వచ్చి, కమ్మీ మీద కొట్టకుండానే మెల్లగా అన్నాడు.

"టీచరమ్మా, మీరు సదువుకున్నోళ్ళు. మీకు సిన్న మాట ఇస్తే మర్యాద గాదు. ఉండేదాంట్లో పెద్దది తెచ్చినా. ఇండిస్పెన్సబుల్. అది లేకుంటే జరగదు అని."

"ఆ మాట నాకు తెలుసండీ" అన్నాను, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

"తెలిస్తే ఏమమ్మా! తెలిసిన మాట వేరే, దాసిన మాట వేరే. ఉంచండి."

ఉంచుకున్నాను. ఆయన అడిగినప్పుడు చెప్పేదాన్ని, కాని చుట్టూ వినబడకుండా పెదవుల చివరతో చెప్పేదాన్ని. ఇంగ్లీషు టీచరు పూలమ్మ పక్కన కూర్చుని పాఠం ఒప్పజెప్పడమా! పైగా ఆయన పలుకు నాకు సూదులు గుచ్చినట్టు ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక సరిదిద్దాను. ఆయన నొచ్చుకోలేదు. చెవి తమ్మె లాగి, "ఆఁ, వచ్చె వచ్చె" అని, మళ్ళీ తన పద్ధతిలోనే పలికాడు.

నాలుగోసారి పరీక్ష కూడా పోయింది. ఆవు మీద వ్యాసం రాయమన్నారట. పుంగనూరులో పుట్టి, పుంగనూరు ఆవుపాలు తాగి పెరిగిన మనిషి ఆవు మీద వ్యాసం తప్పాడంటే ఏం చెప్పను! ఆవు మాగ్నానిమస్ అని మొదలుపెట్టి, గడ్డివాముకు అది చేసే డెప్రిడేషన్ వర్ణించి, పాలు ఇన్ఎవిటబుల్ అని ముగించాడట. "ఆవుకు ఇంత గౌరవం ఇంకెవురు ఇచ్చినారమ్మా? దిద్దినాయనకు ఆవంటే పడదేమో" అన్నాడు నాతో. నేను చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను.

అంతా బాగానే సాగుతుండగా పుంగనూరు ప్లీడరు గుమాస్తా ఒకాయన కొత్తగా బస్సుకు అలవాటుపడ్డాడు. కండక్టరు ఆయనకు ఎఫర్వెసెన్స్ ఇచ్చాడు. సోడా పొంగు లాంటి పొంగు అన్నమాట. మర్నాడు అడిగితే గుమాస్తాకు సోడా గుర్తుంది, మాట గుర్తులేదు. బస్సు బస్సంతా "పిడి! పిడి!" అని అరిచింది. జరీ పంచె కట్టుకున్న మనిషి దిగి పిడి తిప్పాడు. డ్రమ్ము ఒక్కసారి మసి కక్కింది. ఆ పంచె ఏ రంగులో ఇంటికి వెళ్ళిందో నేను చెప్పనక్కర్లేదు. వారం తిరక్కుండా ఆయన మోటారు ఇన్‌స్పెక్టరుకు ఇంగ్లీషులో అర్జీ పెట్టాడు. ఈ కండక్టరు టికెట్లు ఇచ్చే పని మాని మాటలు ఒప్పజెప్పించుకుంటున్నాడు, మరిచినవాళ్ళ చేత వెట్టి చేయిస్తున్నాడు, అందుకే బస్సు రోజూ ఆలస్యం అని.

బస్సు ఓనరు కండక్టర్ని పిలిపించి తేల్చి చెప్పేశాడు. "ఇన్‌స్పెక్టరు వచ్చే సోమవారం బస్సెక్కుతాడు. ఆయన వీడు వద్దంటే నీ చిల్లర సంచి ఈడ పెట్టి ఇంటికి పో. నేను అడ్డం పడను." ఈ సంగతి పూలమ్మ నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. కండక్టరుకు ఆ ఉద్యోగం తప్ప మడి లేదు, మాన్యం లేదు. ఇంట్లో భార్య, ముసలి తల్లి. అయినా ఆయన మాత్రం, "రానీ అమ్మా. ఇంగ్లీషు తెలిసిన మనిషే గదా వచ్చేది. నాలుగు మంచి మాటలు మాట్లాడతా" అని మీసం సవరించుకున్నాడు. ఆ సోమవారం నేను కూడా ఆ బస్సులోనే ఉన్నాను.

ఇన్‌స్పెక్టరు పుంగనూరులో ఎక్కాడు. మద్రాసు మనిషి. తెలుగు అర్థమయ్యేది, మాట్లాడేది మాత్రం ఇంగ్లీషే. బస్సు అప్పటికే గంటన్నర ఆలస్యం. ముందు సీట్లో కూర్చుని, అర్జీ కాగితం విప్పి, "దీంట్లో రాసింది నిజమేనా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

కండక్టరు నోరు తెరిచాడు. మాట రాలేదు. చెవి తమ్మె లాగాడు, రాలేదు. రెండో చెవి కూడా లాగాడు. జేబులో నిఘంటువు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

"బస్సు ఎందుకు ఆలస్యమైంది? అదైనా చెప్పు."

అప్పుడు వెనకనుంచి పూలమ్మ గొంతు ఖంగున మోగింది. "ఇన్ఎవిటబుల్ సామీ!"

ఇన్‌స్పెక్టరు గిరుక్కున తిరిగాడు. పూలమ్మ ఏం చేసిందో రామకుప్పం రైతుకు అర్థమైంది. కండక్టరప్పకు మాట తక్కువ పడింది, ఎవరి దగ్గరుండేది వాళ్ళు ఇచ్చెయ్యాలి. ఆయన లేచి నిలబడి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, "డెప్రిడేషన్ దొరా! ఏనుగులు!" అన్నాడు.

"ఏనుగులా! ఎక్కడ?" అని ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"మాగ్నానిమస్ సాబ్, మీరు బడా దిల్ వాలా" అని గాజుల సాయిబు గుండెమీద చెయ్యి పెట్టుకుని వంగాడు. ఇంతలో డ్రైవరు బస్సును సర్రుమని పక్కకు ఆపి, "కాన్‌ఫ్లగ్రేషన్! కాన్‌ఫ్లగ్రేషన్! దిగండప్పా అందురూ!" అని కేక పెట్టాడు. ఆయన మాట ఒప్పజెప్పలేదు, నిజంగానే డ్రమ్ము ఎర్రగా కాలిపోయి పక్కన కట్టిన బొగ్గుల గోతాం అంటుకుంది. అందరం దుమికాం. ఇన్‌స్పెక్టరు టోపీ ఒకచోట, ఆయన ఒకచోట దిగారు.

మన్ను చల్లి ఆ మంట ఆర్పాం. చేలగట్టు మీద కూర్చుని ఇన్‌స్పెక్టరు టోపీ దులుపుకుంటుంటే ఆయన మీసం చివర వణుకుతోంది. అది కోపమో నవ్వో ఎవరికీ తెలియలేదు. ఆయన నావైపు తిరిగి, మర్యాదగా, చక్కని ఇంగ్లీషులో అడిగాడు. "మీరు చదువుకున్నవారిలా ఉన్నారు. మీరు చెప్పండి. ఇతను లేకపోతే ఈ బస్సుకు జరగదా?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర దాచి ఉంది. అదే మాట, అదే అర్థం. కండక్టరు నావైపు చూశాడు. బతిమాలుతున్నట్టు చూడలేదు. ఇంట్లోకి వెళ్ళినవాళ్ళు వస్తువు తెచ్చి ఇస్తారని గుమ్మంలో నిలబడ్డవాడిలా చూశాడు.

నేను చెప్పలేదు. చెబితే ఈ వరసలో నేను ఐదోదాన్ని అవుతాను. పూలమ్మ, రైతు, సాయిబు, డ్రైవరు, తర్వాత నేను. ఆ మద్రాసు ఆయన నన్ను కూడా ఆ మేళంలో కలిపి నవ్వుతాడు. దొరసాని మెచ్చిన ఉచ్చారణతో, "నేను చెప్పలేనండీ, నేను ప్రయాణికురాలిని మాత్రమే" అన్నాను. ఎంత శుభ్రంగా పలికానో! ఇన్నేళ్ళయినా ఆ వాక్యం తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నన్ను దాటుకుని పూలమ్మ ముందుకు వచ్చింది. ఆమెకు ఇచ్చిన ఒక్క మాటా ఖర్చయిపోయింది, ఇక తెలుగే. "యాల అడగతావు సామీ ఆయమ్మను? నేను సెప్తా. ఈ బండి ఇంజనుతో నడిసేది గాదు. మేము దిగి తోస్తే నడస్తాది. ఆయప్ప మాటకు మేము దిగతాండాం. ఇంకొకడు దిగమంటే ఎవురు దిగుతారు? నువ్వు దిగుతావా?"

ఇన్‌స్పెక్టరు మీసం వణుకు ఆగి నవ్వు బయటపడింది. అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ప్రయాణికుల చేత పిడి తిప్పించకూడదని మాత్రం గట్టిగా చెప్పాడు. ఆ మాట చెప్పిన పావుగంటకు, డ్రమ్ము రాజుకోక, తనే చొక్కా చేతులు మడిచి పది చుట్లు తిప్పాడు. ఓనరుకు ఏం చెప్పాడో తెలియదు గాని, కండక్టరు సంచి కండక్టరు భుజానే ఉండిపోయింది.

ఆ రోజు బస్సు కదిలాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. నేను తల దించుకున్నాను. ఆయన నా టికెట్టుకు చిల్లు కొట్టి ఇచ్చి, "శాంతిపురం దాటినాక ఎండ మీవైపు వస్తాది టీచరమ్మా, ఈపక్క జరగండి" అని వెళ్ళిపోయాడు. అంతే. ఆ తర్వాత రెండేళ్ళు అదే బస్సులో తిరిగాను. ఆయన అందర్నీ అడిగేవాడు, నన్ను తప్ప. చిల్లుల మిషన్ పక్క సీటు కమ్మీ మీద టక్కుటక్కుమనేది, నా సీటు మీద మోగేది కాదు. చాలాసార్లు నేనే చెప్పేద్దామని నోటిదాకా తెచ్చుకున్నాను. అడగనిదే ఇవ్వడానికి సిగ్గేసింది. తర్వాత పెట్రోలు బస్సులు వచ్చాయి, ఆయనకు జబ్బు చేసింది, పని మానేశాడని విన్నాను.

ఇప్పుడు పూలమ్మ మల్లెలు నా ఒళ్ళో పెట్టి చెబుతోంది. "నెల దినాలు మంచం మింద ఉన్న్యాడమ్మా. సూడను పోయినోళ్ళనందర్నీ మాట అడిగినాడు. నాది నేను ఇచ్చేసినా. సాయిబు ఇచ్చేసినాడు. రామకుప్పం నుంచి ఆ రైతు ఎడ్లబండి కట్టుకొని వచ్చి ఇచ్చిపోయినాడు. ఒక్కటే బాకీ అంట." నా మొహంలోకి చూసి ఆగింది. "నీ దగ్గరిది ఎప్పుడిస్తావమ్మా?"

మదనపల్లె టికెట్టు చేతిలో ఉండగానే పుంగనూరులో దిగిపోయాను. కొత్త కండక్టరు బస్సు అరగంట ఆగుతుందన్నాడు. పూలమ్మ చూపించిన సందులో, చిన్న మట్టి ఇంటి ముందు ఆయన భార్య కూర్చుని రాగులు చెరుగుతోంది.

"నువ్వేనా కుప్పం టీచరమ్మ?" అంది, నేను ఏమీ చెప్పకముందే.

"అవునమ్మా."

"కూసో తల్లీ. ఆయప్ప సెప్పే పోయినాడు. 'ఆయమ్మ దగ్గర ఒకటుండాది, అన్నిటికన్నా పెద్దది. ఎవురూ తొందరపెట్టొద్దండి. ఆయమ్మే తెచ్చిస్తాది' అని. నేను ఏ ఇత్తడి బిందో అనుకున్యా." ఆమె కొంచెం నవ్వింది. "ఏం మాటమ్మా అది?"

"ఇండిస్పెన్సబుల్" అన్నాను. ఈసారి పెదవుల చివరతో అనలేదు. సందు చివర దాకా వినబడేలా అన్నాను.

"అంటే?"

"ఆ మనిషి లేకుంటే జరగదు అని."

ఆమె చేతిలో చేట ఆగింది. వీధి చివర మా బస్సు హారను మోగింది. "జరగతానే ఉండాది గదమ్మా" అంది ఆమె. "బస్సు పోతానే ఉండాది. నేను రాగులు సెరగతానే ఉండా." నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆమె చేట పక్కన పెట్టి, చీరకొంగుతో మొహం తుడుచుకుని, "అయినా ఈడ పెట్టిపో. నాకు ఇయ్యి, నేను దాస్తా. మళ్ళా ఒకసారి సెప్పు, నోరు తిరగల్యా" అంది.

మళ్ళీ చెప్పాను. ముక్కలు చేసి చెప్పాను, బడిలో పిల్లలకు చెప్పినట్టు. ఆమె తప్పు పలికింది. సరిదిద్దలేదు. అచ్చం ఆయన పలికినట్టే ఉంది.

"ఇటు వచ్చినప్పుడల్లా అడుగు. మర్సిపోతే ఉండనే ఉండాది శిక్ష" అని తిరగలి ముందుకు లాక్కుని, గుప్పెడు రాగులు పోసి, పిడి పట్టుకుంది. నేను సందు మలుపు తిరిగేదాకా వెనకనుంచి తిరగలి చప్పుడు, దాంతోపాటు ఆ మాట, విరిగి విరిగి వినబడుతూనే ఉన్నాయి.